జ్ఞాపకశక్తి గుళికలు: ఒక విమర్శ

ఇంటర్మీడియేట్ పరీక్షలు దగ్గరపడుకొలది జ్ఞాపకశక్తిని పెంచునను గుళికల ప్రకటనలు విద్యార్థుల కంటబడుచుండును. పల్లెనుండి వచ్చి హయత్‌నగర్‌లో వసతిగృహమున ఉండి చదువుకొను కుర్రవాడు, ఇంటినుండి వచ్చిన నెలఖర్చులో కొంత తీసి అట్టి సీసా కొనవలెనా? ఈ గుళికలు కొన్నిటిలో ముఖ్యపదార్థము ఫాస్ఫటిడిల్ సెరీన్. దానిని గూర్చి చెప్పబడుచున్న దానిలో నిజమెంత, అతిశయమెంత?

ముందు నిజము చూతము. ఇది భాస్వరముతో కూడిన కొవ్వుజాతి పదార్థము. గ్లిసరాల్‌కు రెండు కొవ్వు ఆమ్లములును ఒక ఫాస్ఫేటును, ఆ ఫాస్ఫేటుకు సెరీన్ అను ఎమైనో ఆమ్లమును అంటియుండును. జీవకణపు పొరలో ఇది సాధారణముగా లోపలి వైపున ఉండును. కణము చావునకు సిద్ధమైనపుడు వెలుపలి వైపునకు వచ్చి, దానిని తొలగింపవలసినదని భక్షక కణములకు గుర్తుగా నిలుచును. మెదడులో ఇది సమృద్ధిగా ఉన్నమాట వాస్తవమే.

కాని మెదడులో ఉన్న పదార్థమును తిన్నంతనే అది మెదడు చేరుననుకొనుట తొందరపాటు. వెండ్రుకలు తిన్నవానికి జుట్టు ఒత్తుగా పెరుగదు గదా! చిన్నప్రేగులో క్లోమరసపు ఎంజైము దీనినుండి ఒక కొవ్వు ఆమ్లమును విడదీయును. ఆ ముక్కలు ప్రేగుగోడలో తిరిగి వేరు వేరు రూపములు దాల్చును. పైగా శరీరము తనకు కావలసిన దానిని ఇతర ఫాస్ఫోలిపిడుల నుండి తానే తయారుచేసికొనును. అందుచేత దీనిని విటమినుల వరుసలో చేర్చరాదు.

ఇక ప్రయోగముల మాట. 1993లో ఇటలీలో మతి తప్పుచున్న 494 మంది వృద్ధులపై జరిగిన ప్రయోగములో రోజునకు 300 మిల్లీగ్రాములు, ఆరు నెలలు ఇచ్చినపుడు కొంత మేలు కనబడినది. అది ఎద్దుల మెదడునుండి తీసినది. పశువుల మెదడు వ్యాధి భయము పుట్టిన తరువాత ఆ మూలమును విడిచి, సోయాచిక్కుడు లెసితిన్ నుండి తయారుచేయసాగిరి. పేరొక్కటే గాని రెండింటిలోని కొవ్వు ఆమ్లములు వేరు. సోయా రకమును 2001లో నెదర్లాండ్స్‌లో 120 మంది పెద్దవారికి 12 వారములు ఇచ్చి చూడగా, 600 మిల్లీగ్రాముల మోతాదుతో గూడ జ్ఞాపకశక్తిలో మార్పు రాలేదు. 2010లో జపాన్‌లో 78 మందిపై జరిగిన పరీక్షలో, మొదటినుండి జ్ఞాపకము తక్కువగా ఉన్నవారిలో మాత్రమే కొంత మెరుగు తేలినది. శ్రద్ధ నిలువని 36 మంది పిల్లలపై 2014లో జపాన్‌లోనే వచ్చిన ఫలితము ఆశాజనకమే. కాని సంఖ్య మిక్కిలి చిన్నది. పరీక్షకు చదువు ఆరోగ్యవంతుడైన పదునేడేండ్ల విద్యార్థికి వీటిలో ఏదియు వర్తించదు.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2003లో ఈ పదార్థమునకు ఒక వాక్యము అనుమతించినది. వృద్ధులలో చిత్తవైకల్యపు ప్రమాదమును ఇది తగ్గించవచ్చునన్నది అందులో మొదటి సగము. అందుకు ఆధారము బహు స్వల్పమన్నది రెండవ సగము. ప్రకటనలకు మొదటి సగమే నచ్చును, అందులోను "వృద్ధులలో" అను మాట జారిపోవును. మన దేశపు 2016 నిబంధనల ప్రకారము ఇట్టి పూరక ఆహారముల సీసాపై వైద్యోపయోగమునకు కాదని ముద్రింపవలెను. ఆ అక్షరములను వెదకి చదువుట సైన్సు ఉపాధ్యాయునకు మంచి తరగతి అభ్యాసము.

సీసాలోని ఫాస్ఫోలిపిడును లెక్కగట్టుటకు భాస్వరమును కొలుచుదురు. అట్టి కొలతకు 1925లో ఫిస్కేతో కలిసి రంగు పద్ధతిని ఏర్పరచినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పద్ధతి భాస్వరమును కొలుచును గాని, గుణమును కొలువదు.

ఆహారము విషయము వేరు. కార్జము, సముద్రపు చేపలు, సోయాచిక్కుడు ఈ పదార్థమునకు మూలములు. కోడిగుడ్డు పచ్చసొనలో దీని సోదర పదార్థమైన లెసితిన్ అధికము. ఒక గుడ్డునుండి సుమారు 147 మిల్లీగ్రాముల కోలిన్ లభించును. 14 నుండి 18 ఏండ్ల బాలురకు రోజునకు 550, బాలికలకు 400 మిల్లీగ్రాములు చాలునని 1998లో అమెరికా శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. గుడ్డుతోపాటు మాంసకృత్తులు, విటమిను బి12 గూడ వచ్చును. గుడ్డు తిననివారికి సోయా, పాలు, వేరుసెనగ ఉన్నవి. వసతిగృహపు భోజనశాలలో పచ్చసొనను పళ్లెము అంచున వదలిపెట్టి, గదికి పోయి గుళిక మ్రింగు విద్యార్థి ఏమి పోగొట్టుకొనుచున్నాడో ఈ లెక్క చూపగలదు.