చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

మా చిన్నప్పుడు పెనుబల్లిలో ఒక ఎరువుల కొట్టు ఉండేది. యూరియా బస్తా రైతు భుజమెక్కకముందే ఆ షావుకారు చిట్టాలో ఒక వరస రాసేవాడు. పేరు, బస్తాలు, రూపాయలు, అంతే. బయట వాన దంచుతున్నా, బండెద్దులు మెడలు విదిలిస్తున్నా ఆ వరస పడాల్సిందే. ఎవరి ఖాతా వాళ్ళకి తీసి బాకీ కూడే ఆవర్జా పని మాత్రం రాత్రి భోజనాలయ్యాక, తీరిగ్గా. ఒక వానాకాలం పైకప్పు కారి ఆవర్జా అట్టతో సహా ముద్దయింది. గుమాస్తా కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. "చిట్టా పొడిగానే ఉంది గదరా, ఇంకెందుకు ఏడుపు?" అన్నాడు షావుకారు. మూడు రాత్రులు కూర్చుని ఆవర్జా మొత్తం తిరగరాశాడు.

చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగంలో భాగంగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ లోపలి సంగతులు చదువుతుంటే ఆ షావుకారు కళ్ళముందుకొచ్చాడు. అక్కడా అదే నియమం. ఏ మార్పయినా ముందు చిట్టాకెక్కాలి. ఆ చిట్టా డిస్కు మీద పడ్డాకే "అయింది" అని జవాబు చెప్పాలి. అసలు పట్టికలో రాసుకోవడం తర్వాత, వీలు చూసుకుని. వాళ్ళు దాన్ని రైట్ అహెడ్ లాగ్ అంటారు, ముద్దుగా వాల్. 2001లో 7.1 విడుదలతో అది వచ్చింది. మన కోమటి కొట్లలో ఎప్పట్నుంచి ఉందో లెక్క కట్టినవాళ్ళు లేరు.

మొదట జీతం కోసం చదివాను. తర్వాత రుచి పట్టుకుంది. ఇప్పుడు ప్రబంధం చదివినట్టు చదువుతున్నాను, కొన్ని చోట్ల ఆగి, కొన్ని చోట్ల వెనక్కి తిప్పి. ఇది కావ్యమా అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. దీనికి కర్త ఒకడు కాదు. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టాడు. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ నేర్పారు. 1996 నుంచి ఇప్పటి పేరుతో, ఏ కంపెనీ సొత్తూ కాకుండా, వందలమంది చేతుల్లో పెరుగుతోంది. ఇంతమంది రాసిన దానికి ఒకే గొంతు ఎలా వచ్చిందన్నది మొదటి ఆశ్చర్యం. వచ్చింది. ఆ గొంతు దేనిదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఒక్క పేజీ చూడండి, అంటే పట్టికలోని వరసల్ని డిస్కు మీద దాచే ముక్క. 8192 బైట్లు. తలమీద 24 బైట్ల వివరాలు. వాటికింద నాలుగేసి బైట్ల చిన్న గుర్తులు, ఒక్కో వరస ఎక్కడుందో చెప్పే వేళ్ళు, పై నుంచి కిందికి దిగుతాయి. అసలు వరసలు పేజీ అడుగు నుంచి పైకి పేరుకుంటూ వస్తాయి. వరి కోతకి రెండు ముఠాలు చెరో గట్టునుంచి దిగినట్టు, మధ్యలో మిగిలిన చేను తరిగిపోయేదాకా. ఎవరికెంత చోటని ముందుగా గిరిగీసి పంచలేదు. సన్నవరసలు ఎక్కువైతే వేళ్ళు ఎక్కువ, లావు వరసలైతే వేళ్ళు తక్కువ. పంపకం దానంతటదే కుదురుకుంటుంది. అలంకారికులు ఔచిత్యం అన్నమాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒక్కో వరస నెత్తిన 23 బైట్ల మూట. అందులో రెండు సంఖ్యలు ముఖ్యం: నన్ను పుట్టించిన లావాదేవీ ఏది, నన్ను ముగించిన లావాదేవీ ఏది. వరసని మార్చమంటే పోస్ట్‌గ్రెస్ పాతదాన్ని చెరపదు. కొత్త వరస రాసి, పాతదాని మీద ముగింపు సంఖ్య వేస్తుంది. పాత పహాణీల్లో ఎర్రసిరాతో ఒక గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టేవారు చూడండి, కింద పాత పేరు చక్కగా కనిపిస్తూనే ఉండేది. అలాగే. అందుకే ఇక్కడ చదివేవాడు రాసేవాడికి అడ్డు రాడు, రాసేవాడు చదివేవాడికి అడ్డు రాడు. లెక్క మొదలుపెట్టిన క్షణాన లోకం ఎలా ఉందో చదివేవాడికి చివరిదాకా అలాగే కనిపిస్తుంది.

దీనికి మూల్యం ఉంది. చచ్చిన వరసలు పేజీల్లో పేరుకుంటాయి. అంతకన్నా చికాకు ఇంకోటి. పట్టికకి పది సూచికలుంటే, అంటే వరసల చిరునామాలు చెప్పే ఇండెక్సులుంటే, వాటిలో ఏదీ పట్టించుకోని చిన్న అంకె మారినా, కొత్త వరస కొత్త చోట పడింది కాబట్టి పది సూచికల్లోనూ కొత్త చిరునామా రాయాలి. దీని మీద జరిగిన వాదనల్లోంచి 2008లో, 8.3 విడుదలలో, పవన్ దేవలసీ పనితో వచ్చిందే హాట్ అనే ఉపాయం. నన్ను అడిగితే మొత్తం కావ్యంలో ఇదే మేలిమి పద్యం.

ఉపాయం చెబుతాను. మార్పు సూచికల్లో ఉన్న దేన్నీ తాకకపోతే, కొత్త వరసకి అదే పేజీలో చోటుంటే, సూచికలకి అసలు చెప్పొద్దు. సూచిక పాత వేలు దగ్గరికే వస్తుంది. అక్కణ్ణుంచి పాత వరస "నేను కాదు, పక్కనున్నాడు చూడు" అని కొత్త వరసని చూపిస్తుంది. ముందుగది వదిలి పెరటిగదిలోకి మారిన పెద్దాయనకి పోస్ట్‌మాన్ అదే గుమ్మం దగ్గర ఉత్తరం ఇచ్చినట్టు. డోర్ నంబరు మారలేదు, పోస్టాఫీసుకి చెప్పాల్సిన పని లేదు. ఇక ముందుగది ఖాళీ చేసేదెవరు? అదే పేజీకి ఏదో పనిమీద వచ్చిన మరో చదువరి, పేజీ నిండుతోందని చూసి, ఇక ఎవరికీ కనిపించని పాత వరసని తీసేసి, ఆ వేలుని కొత్త వరస వైపు తిప్పి వెళ్తాడు. డొంకలో నడిచేవాడు దారికడ్డంగా పడ్డ కంపని కాలితో పక్కకి నెట్టిపోయినట్టు. దీనికోసం పెద్ద ఊడ్పు యంత్రం దిగనక్కర్లేదు. వాడేవాడికి తెలియను కూడా తెలియదు. బయటికి కనిపించేదల్లా కాస్త వేగం పెరగడం. ఇది ధ్వని కాకపోతే ఏది ధ్వని?

హాట్‌ని తెచ్చిన చేయే తర్వాత వార్మ్ అనే మరో ఉపాయం తెచ్చింది. ఒకటి రెండు సూచికలు మారినా మిగతావాటిని వదిలేయొచ్చని దాని ఆశ. చాలా కష్టపడ్డారు, చాలా వాదించుకున్నారు, అది చేరలేదు. మెర్జ్ అనే ఎస్‌క్యూఎల్ ఆదేశం కథ ఇంకో రకం. 2018లో చేర్చారు, కొద్ది రోజులకే వెనక్కి తీశారు. నాలుగేళ్ళు నలిగి 2022లో 15వ విడుదలతో వచ్చింది. పెట్టిన పద్యాన్ని తీసేయగల కవిని నేను ఎక్కువ గౌరవిస్తాను. మన శతకకర్తల్లో కొందరికి ఈ గుణం ఉంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు గొంతు సంగతి. వీళ్ళ చర్చల్లో వేగం గురించి ఉత్సాహం ఉంటుంది, కొత్త హంగుల మీద మోజు ఉంటుంది, ఒకరి మీద ఒకరికి విసుగూ ఉంటుంది. అవన్నీ సంచారులు. స్థాయీభావం మాత్రం భయం. కొత్తది ఎవరు తెచ్చినా, ఎంత అందంగా ఉన్నా, ఎదురయ్యే ప్రశ్న ఒకటే: సరిగ్గా ఈ రెండు పనుల మధ్య కరెంటు పోతే? శాస్త్రం ప్రకారం భయం పండితే భయానకం కావాలి. ఇక్కడ కాదు, ఎందుకంటే ఇది తన కోసం పడే భయం కాదు. ఎన్నడూ చూడని ఎవరి ఆస్పత్రి రికార్డులో, ఎవరి జీతాల లెక్కో పోతుందేమోనని పడే భయం. నిద్రపోతున్న పసివాడి ఊపిరిని ముక్కు దగ్గర వేలుపెట్టి చూసే తల్లి భయం లాంటిది.

ఆ భయం నిజమైన సందర్భం 2018లో వచ్చింది. డేటాబేస్ తన రాతల్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చి, "డిస్కు మీదకి చేర్చావా?" అని అడగడాన్ని ఎఫ్‌సింక్ అంటారు. చేరలేదంటే మళ్ళీ అడిగితే సరిపోతుందని పోస్ట్‌గ్రెస్ దాదాపు ఇరవై ఏళ్ళు నమ్మింది. ఆ నమ్మకం లినక్స్‌లో చెల్లదని క్రెయిగ్ రింగర్ బయటపెట్టాడు. ఖమ్మం బస్సెక్కే కుర్రాడికి డబ్బిచ్చి బ్యాంకులో కట్టిరమ్మన్నారు. సాయంత్రం "కట్టావా?" అంటే "లేదు" అన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగితే "నా దగ్గర కట్టాల్సింది ఏమీ లేదండీ" అన్నాడు. అబద్ధం కాదు. డబ్బు పారేసుకున్నాడు, పారేసుకున్న సంగతీ మరిచాడు. లినక్స్ కర్నెల్ చేసిందదే. రాత విఫలమైతే తప్పు ఒకసారి చెప్పి, ఆ పేజీని శుభ్రమైనదిగా గుర్తుపెట్టేసింది. రెండోసారి అడిగితే అంతా బాగుందంది.

దీనికి వాళ్ళు ఎంచుకున్న విరుగుడు చూడండి. ఎఫ్‌సింక్ ఒక్కసారి తప్పిందంటే మళ్ళీ అడగొద్దు. వెంటనే మొత్తం డేటాబేస్‌ని కూల్చేయి. లేచాక చిట్టా తీసి, చివరి ఖాయం చేసిన చోటినుంచి అంతా తిరగరాయి. 2019 ఫిబ్రవరిలో, అప్పటికి వాడుకలో ఉన్న పాత విడుదలలన్నిటికీ ఈ సవరణ వెళ్ళింది. మూడు రాత్రులు కూర్చున్న ఆ షావుకారు ఇంతకు మించి చేసింది లేదు. అనుమానపు ఆవర్జా కన్నా తడవని చిట్టా మేలు. అన్నట్టు, ఆ చిట్టాని ఎస్‌క్యూఎల్ నుంచే తెరిచి చదివే పీజీ వాల్‌ఇన్‌స్పెక్ట్ అనే పరికరం 15వ విడుదలలో చేరింది. విడుదల పత్రంలో దానిపక్కన ఉన్న పేరు భరత్ రూపిరెడ్డి. 2017 నాటి 10వ విడుదలలో, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే నియమాల దస్త్రాన్ని పట్టికలా చూపించే సౌకర్యం పక్కన హరిబాబు కొమ్మి అని ఉంటుంది. పేర్లు చెవికి మనవిగా తగిలి, ఆ పూట కాఫీ ఇంకొంచెం బాగుంది. ఇది విమర్శ కాదు, ఒప్పుకుంటాను.

ఇంకో చోట నేను తప్పక ఆగుతాను. ప్రతి లావాదేవీకి ఇచ్చే సంఖ్య 32 బిట్లు. 429 కోట్లు దాటితే మళ్ళీ మొదటికి రావాలి. అప్పుడు ముందేది, వెనకేది? మనకిది కొత్త చిక్కు కాదు. మా తాత "నేను ప్రభవలో పుట్టాను" అంటే 1927 అనుకుంటాం, పక్కింటి కుర్రాడు అంటే 1987 అనుకుంటాం. అరవయ్యేళ్ళ చక్రంలో మనిషి మొహం చూసి లెక్క సరిచేసుకుంటాం. డేటాబేస్‌కి మొహం కనిపించదు. అందుకని చక్రాన్ని సగానికి కోసింది. నా సంఖ్యకి వెనకున్న 214 కోట్లు గతం, ముందున్న 214 కోట్లు భవిష్యత్తు. అయితే మరీ పాత వరస ఒకరోజు గీత దాటి భవిష్యత్తులోకి జారిపోతుంది, అంటే ఇంకా పుట్టనిదై మాయమవుతుంది. అలా కాకముందే దానికి "ఇది అనాది" అని ముద్ర వేస్తారు. ఫ్రీజ్ అంటారు. 2014లో 9.4 విడుదల వచ్చేదాకా పుట్టిన సంఖ్యని కొట్టేసి ఆ స్థానంలో 2 అని రాసేవారు, అనాదికి కేటాయించిన సంఖ్య అది. ఆ తర్వాత పద్ధతి మార్చారు. పుట్టిన సంఖ్య అలాగే ఉంటుంది, పక్కన ముద్ర మాత్రం పడుతుంది. ఎందుకంటే ఎప్పుడో ఏదో చెడి, ఎవరో వెతుక్కుంటూ వస్తే, జాడ మిగలాలి కదా. అడగని వాడికోసం వదిలిన ఆ జాడ చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. సంఖ్యని 64 బిట్లు చేసేస్తే ఈ గొడవే ఉండదు కదా అన్న వాదన ఏళ్ళుగా నడుస్తోంది. ప్రతి వరస నెత్తిన మూట బరువెక్కుతుందన్నది ఎదురువాదన. రెండూ న్యాయమే.

పోస్ట్‌గ్రెస్‌లో చేర్చిన ప్రతి మార్పునీ ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న యంత్రాలు తమంతట తాము తెచ్చుకుని పరీక్షిస్తాయి. బిల్డ్‌ఫార్మ్ అంటారు. ప్రతి యంత్రానికీ ఒక జంతువు పేరు. స్కింక్ అని ఒకటుంది, అంటే మన నలికిరి. అది మెమరీ వాడకంలో జరిగే తప్పులు పట్టే పరికరం తగిలించుకుని మహా నెమ్మదిగా నడుస్తుంది. ల్యాప్‌వింగ్ అని ఇంకోటి, పాత 32 బిట్ల యంత్రం. ల్యాప్‌వింగ్ అంటే తీతువు. మా వైపు రాత్రిపూట తీతువు అరిస్తే పెద్దవాళ్ళు పని ఆపి తలెత్తుతారు. అక్కడ కూడా అంతే. తీతువు ఎర్రబడితే కొత్త మార్పు చేర్చినవాడు ఎంత పెద్దవాడైనా ఆగి చూసుకోవాల్సిందే.

మొన్న మామిడికాయల రోజుల్లో ఊరికెళ్ళాను. సాయంత్రానికి నీలాద్రి గుట్టల మీంచి మబ్బు దిగి గాలివాన లేచింది. బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో నేను ఒక పట్టిక నింపుతున్నాను. కరెంటు పోయింది, తెర నల్లబడింది. మా అమ్మ లోపల్నుంచి "పోయిందా నాయనా నీ పని?" అంది. తోటలో కాయలు రాలుతున్న చప్పుడు. గంటకి కరెంటు వచ్చింది. డేటాబేస్‌ని లేపితే లాగ్‌లో వరసలు పడ్డాయి. నన్ను సరిగ్గా ఆపలేదు, నాకు నేనే కోలుకుంటున్నాను. ఫలానా చోటినుంచి తిరగరాస్తున్నాను. ఫలానా చోట ముగించాను. సిద్ధంగా ఉన్నాను. పట్టిక తెరిచి చూశాను. "అయింది" అని నాకు చెప్పిన వరసలన్నీ ఉన్నాయి. చెప్పనిది, చివర సగంలో ఉన్నది ఒక్కటే లేదు.

ఆ రాత్రి కరెంటు ఇంకో రెండుసార్లు పోయింది.