చవక పనిముట్లు: కొనదగినవేనా?

లాలాపేట్‌కు ఒక దిక్కున నిజాం రైల్వే కాలంలో, 1893లో వెలసిన లాలాగూడ వర్క్‌షాపు ఉన్నది. మరొక దిక్కున తార్నాక, దానిని ఆనుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల 1929లో ప్రారంభమైనది. ఇనుముతో బ్రతికేవారు, ఇనుమును గురించి చదువుకొనేవారు ఒకే వీధిలో ఎదురుపడే చోటు ఇది. అయినా ఇక్కడ కూడా ఒక చిన్న ప్రశ్నకు సమాధానం సాధారణంగా ఊహమీదనే నడుస్తుంది: విదేశాలనుండి, ముఖ్యంగా చైనానుండి, చవకగా దిగుమతి అవుతున్న చేతిపనిముట్లు కొనవచ్చునా, కొనరాదా?

“చైనా సరుకు రెండునాళ్ళ ముచ్చట” అని ఒకరు అంటారు. “పేరు చూచి నాలుగింతలు ధర పోసేవాడు వెర్రివాడు” అని మరొకరు అంటారు. ఈ రెండు తీర్పులలోను ఒకటే లోపం ఉన్నది: రెండూ పనిముట్టును చూడకుండా చెప్పినవే. పని నేర్చుకొని స్వంతంగా బ్రతుకు ప్రారంభించే కుర్రవానికి ఇది కాలక్షేపపు చర్చ కాదు. మొదటి సంపాదనలో పెద్దభాగం పనిముట్లకే పోతుంది. పానా జారితే వ్రేళ్ళ కణుపులు చిట్లుతాయి. సుత్తి పెచ్చు ఎగిరితే కన్ను పోవచ్చు. కనుక విషయాన్ని కొంచెం శ్రద్ధతో విచారించవలసి ఉన్నది.

దేశం పేరు కొలత కాదు

తయారైన దేశాన్నిబట్టి సరుకు విలువ కట్టే అలవాటు పాతది. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో జర్మన్ వస్తువులను చూచి, జర్మన్ శాస్త్రజ్ఞుడైన ఫ్రాంజ్ రూలో స్వయంగా వాటిని చవకవి, నాసివి అని విమర్శించాడు. 1887లో బ్రిటన్ ఒక చట్టం చేసి, దిగుమతి సరుకు బ్రిటిష్ సరుకుగా చెలామణి కాకుండా, పుట్టిన దేశం పేరును ముద్రించవలసిన పరిస్థితిని కల్పించింది. జర్మన్ సరుకును కొనేవాడు గుర్తుపట్టి దూరంగా ఉంచాలన్నది ఉద్దేశం. కాని జర్మన్ కార్ఖానాలు నాణ్యతను పెంచుకొన్నాయి. కొన్ని దశాబ్దాలలో “మేడ్ ఇన్ జర్మనీ” అన్న ఆ ముద్రే నాణ్యతకు గుర్తు అయి కూర్చున్నది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపాన్ సరుకు కథకూడా ఇంచుమించు ఇట్లాగే నడిచింది.

మన సంగతి చూద్దాం. మన దేశం మిగిలిన దిగుమతి పరిమాణ నిబంధనలను 2001 ఏప్రిల్‌లో తొలగించిన తరువాత చైనా వస్తువులు మన బజారులలో విస్తరించాయి. వాటిని చూచి పెదవి విరిచే మనం ఒక సంగతి మరచిపోతూ ఉంటాము. జలంధర్, లూధియానా నగరాలలో తయారైన పానాలు, ప్లయర్లు అమెరికాకు, ఐరోపాకు ఎగుమతి అవుతాయి. అక్కడి దుకాణంలో చవక దిగుమతి సరుకు అనిపించుకొనేది మనదే! 2025లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచపు చేతిపనిముట్ల వ్యాపారంలో మన వాటా 1.8 శాతం మాత్రమే. చైనాతో పోలిస్తే మనకు తయారీ ఖర్చు 14 నుండి 17 శాతం వరకు ఎక్కువ పడుతున్నదని ఆ నివేదిక చెప్పింది. అంటే చైనా వస్తువు చవక కావడానికి నాసితనం ఒక్కటే కారణం కానక్కరలేదు; ముడిసరుకు ధర, పెద్ద ఎత్తున తయారీ కూడా కారణాలే. అదే కార్ఖానాలో గట్టి సరుకూ తయారు కావచ్చు, గుల్ల సరుకూ తయారు కావచ్చు. కొనేవాడు ఇచ్చే ధరనుబట్టి ఉంటుంది.

నలభైఆరు వస్తువుల పెట్టె

ఒక నమూనాను తీసుకొని పరీక్షిద్దాము. రకరకాల పేర్లతో, ఒకే ఆకారంలో వచ్చే ప్లాస్టిక్ పెట్టెను దాదాపు ప్రతి హార్డ్‌వేరు దుకాణంలో చూస్తాము. “46 పనిముట్లు” అని పైన వ్రాసి ఉంటుంది. మూత తీసి లెక్కపెడితే ఆ నలభైఆరులో సుమారు సగం మరలు తిప్పే చిన్న చిన్న బిట్లే. మిగిలినవి 4 మిల్లీమీటర్లనుండి 14 మిల్లీమీటర్లవరకు నట్లను పట్టే సాకెట్లు, వాటిని తిప్పే రాచెట్ పిడి, పొడుగు కడ్డీలు. అంకె పెద్దదే గాని పనిచేసే చేయి ఒక్కటే. ఆ రాచెట్ పాడైతే సాకెట్లు చాలావరకు పనిలేనివి అవుతాయి.

రాచెట్ కొసన ఉండే చదరపు కడ్డీ మందం పావు అంగుళం, అనగా 6.35 మిల్లీమీటర్లు. పెద్ద రాచెట్లలో ఇది అర అంగుళం. మెలితిప్పుడుకు నిలిచే బలం మందంయొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. మందం రెట్టింపు అయితే బలం సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. కనుక ఈ పెట్టె చిన్న యంత్రాలకు, సైకిలుకు, మిక్సీకి, మోటారుసైకిలుపై చిన్న నట్లకు సరిపోతుంది. దీని పిడికి గొట్టం తొడిగి చక్రపు ఇరుసు నట్టును విప్పబోతే విరగడం సహజం. పేరుగల కంపెనీ చేసిన పావు అంగుళపు రాచెట్‌కు కూడా ఇదే హద్దు. ఇక్కడ తప్పు దేశానిది కాదు. హద్దు చెప్పకుండా అంకెనే గొప్పగా చూపే పెట్టెమీది ప్రకటనది.

నట్టు మూలమీద ఎంత బరువు?

పానా చేసే పని తేలికగా కనిపిస్తుంది. లెక్క వేస్తే అట్లా తోచదు. 13 మిల్లీమీటర్ల నట్టుకు 25 సెంటీమీటర్ల పానా తగిలించి, కొసన 10 కిలోల బరువుతో సమానంగా లాగామనుకొందాం. నట్టు ఎదురెదురు మూలల మధ్య దూరం 15 మిల్లీమీటర్లు. ఆ రెండు మూలలమీద ఒక్కొక్కచోట సుమారు 170 కిలోల ఒత్తిడి పడుతుంది. నోరు సరిగా అమరితే ఈ ఒత్తిడి నట్టు ముఖంమీద కొంత విస్తరించుకొంటుంది. నోరు వదులైతే మూల అంచునే నలుపుతుంది. అప్పుడు నట్టు గుండ్రమవుతుంది, పానా జారుతుంది, చేయి పోయి ఇనుముకు తగులుతుంది.

కనుక మంచి పనిముట్టుకు రెండు గుణాలు కావాలి: కొలత, ఉక్కు. ఉక్కు విషయంలో “క్రోమ్ వెనేడియం” అన్న అక్షరాలు చాలవు. అచ్చు గుద్దడానికి ఎవరికైనా ఒక ముద్ర ఉంటే చాలును. ఆ మిశ్రమం నిజంగా ఉన్నప్పటికీ, ఉక్కును ఎర్రగా కాచి, నూనెలో చల్లార్చి, మళ్ళీ కొంచెం కాచి పెళుసుతనం పోగొట్టే పని సక్రమంగా జరిగి ఉండాలి. మొదటి కాపు చాలకపోతే పనిముట్టు మెత్తనై వంగుతుంది. రెండవ కాపు చాలకపోతే గాజువలె పగులుతుంది. మెరిసే పూత ఈ రెండు లోపాలనూ సమానంగా కప్పిపుచ్చుతుంది.

దుకాణంలోనే చేయదగిన పరీక్షలు

ప్రయోగశాల లేకపోయినా కొన్ని సంగతులు తెలుసుకోవచ్చు. జేబులో ఒక చిన్న అయస్కాంతం, ఒక కొత్త బోల్టు, ఒక మంచి ఆకురాయి ఉంటే చాలు.

అయస్కాంతం అంటని పిడి, దవడ ఉక్కువి కాకపోవచ్చు. చవకలో సాధారణంగా అవి పోతపోసిన జింకు మిశ్రమంవి. బరువు మోసే భాగం అట్టిదైతే పెట్టె మూసి తిరిగి ఇవ్వండి. పానా నోటిలో కొత్త బోల్టు తలను ఉంచి అటూ ఇటూ ఆడించండి. ఆట ఎంత తక్కువైతే అంత మంచిది. ప్లయరును మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. కోసే అంచుల మధ్య వెలుగు గీత కనిపించరాదు. సన్నని కాగితాన్ని శుభ్రంగా కోయాలి. దుకాణదారు ఒప్పుకొంటే స్క్రూడ్రైవరు కొసమీద ఆకురాయిని మెల్లగా గీయండి. గట్టి ఉక్కుమీద అది జారుతుంది, మేకుమీదవలె కొరకదు. పానా ఉక్కు కొంచెం మెత్తగా ఉండడం న్యాయమే. దానిని ఆకురాయి స్వల్పంగా పట్టవచ్చు.

ఐ.ఎస్.ఐ. ముద్ర ఉంటే దాని క్రింది లైసెన్సు అంకెను చూడండి. భారత ప్రమాణాల సంస్థ యాప్‌లో ఆ అంకె నిజమో కాదో తెలుసుకొనే వీలున్నది. ప్లయర్లకు ఐ.ఎస్. 3650 అనే ప్రమాణం ఉన్నది. విద్యుత్తు పనికైతే రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టులు అన్న అంకె, ఐ.ఇ.సి. 60900 అన్న ప్రమాణపు సంఖ్య మూడూ ఉండాలి. పిడికి రంగు ప్లాస్టిక్ తొడుగు ఉన్నంతమాత్రాన విద్యుత్తునుండి రక్షణ ఉన్నదనుకోవడం ప్రాణాపాయం.

విరిగితే నష్టం ఎవరిది?

“మొదట చవకది కొను, అరిగినదాని స్థానంలో మంచిది కొను” అని కొందరు సలహా చెప్తారు. ఈ సలహాలో తెలివి ఉన్నది. ఉదాహరణకు, 100 రూపాయల పనిముట్టు రోజూ వాడేవానికి ఏడాదికి ఒకటి చొప్పున పోతే పదేళ్ళలో 1,000 రూపాయలు అవుతుంది. 400 రూపాయలది పదేళ్ళు వస్తే అదే చవక. ఏడాదికి మూడుసార్లు మేకు కొట్టే గృహస్థుకు లెక్క తలక్రిందులవుతుంది. 100 రూపాయలదే ఆయనకు పదేళ్ళు వస్తుంది. ఎక్కువ ధర పెట్టడం ఆయనకు వృథా.

అయితే ఈ సలహాకు ఒక హద్దు ఉన్నది. అది పనిముట్టు పోవడాన్నే లెక్కిస్తుంది గాని, దానితోపాటు పోయేవాటిని లెక్కించదు. అందువలన అడగవలసిన ప్రశ్న “ఇది ఎక్కడినుండి వచ్చినది?” అని కాదు, “ఇది విఫలమైతే నష్టం దేనికి?” అని. నష్టం పనిముట్టుకే పరిమితమైతే, అంటే బిగింపు పట్టీలు, కర్ర సుత్తి, పెట్టెలు, ఎప్పుడో వాడే సాకెట్లు వంటివాటిలో, చవకది నిస్సంకోచంగా కొనవచ్చు. నష్టం పరుల వస్తువుకు తగిలితే, అంటే నట్లను గుండ్రం చేసే పానాలు, మరల తలలు నలిపే స్క్రూడ్రైవర్లు, తప్పు చూపే కొలత సాధనాలు అయితే, పరీక్షించి మంచివే కొనాలి. నష్టం మనిషికి తగిలేచోట, అంటే విద్యుత్తు ప్లయరు, ఉక్కు సుత్తి, ఉలి విషయంలో, బేరమే పనికిరాదు.

డబ్బు చాలనివానికి ఇంకొక దారి ఉన్నది. జుమ్మేరాత్ బజారులోను, ఎర్రగడ్డ ఆదివారపు సంతలోను పాత పనిముట్లు దొరుకుతాయి. ఏళ్ళ తరబడి పనిచేసి నోరు చెదరని పాత పానా తన పరీక్ష తానే ఇచ్చుకొన్నది. నోరు విచ్చినవి, తల పూవులా విడిన ఉలులు మాత్రం కొనరాదు.

చూచి కొనే సంప్రదాయం మనకు క్రొత్తది కాదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరగించిన ఉక్కుకోసం పారశీక వర్తకులు అంతదూరం వచ్చేవారు. 19వ శతాబ్దపు తొలి దశకాలలో ఆ ఊరిని చూచిన భూగర్భశాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ, అట్టి వర్తకుడొకడు దగ్గర నిలబడి పాళ్ళు తూచి, ఉక్కు గట్టితనాన్ని స్వయంగా పరీక్షించుకొనేవాడని వ్రాశాడు. అంత ప్రసిద్ధి గల ఉక్కును కూడా అతడు పేరు చూచి కొనలేదు.

ఉక్కు కాఠిన్యాన్ని కొలిచే రాక్‌వెల్ యంత్రం ఇంజనీరింగు కళాశాలలలో సాధారణంగా ఉండేదే. విద్యార్థులు ఏటా బజారులోని పది రకాల పానాలను కొలిచి, ఆ ఫలితాలను తెలుగులో అచ్చువేసి వర్క్‌షాపుల గోడలకు అంటిస్తే, ఒక ఏడాది ప్రయోగశాల పాఠం ఊరికి పనికివస్తుంది. అంతవరకు అయస్కాంతం, బోల్టు, ఆకురాయి మన జేబులో ఉండనిద్దాం.