పల్చని పలక, బిగిసిన తీగ

తెలుగులో గిటార్ మీద నేను చూసిన పుస్తకాలన్నీ వేళ్లతో మొదలవుతాయి. ఏ కార్డుకు ఏ వేలు ఎక్కడ నొక్కాలో చెబుతాయి. గిటార్ తయారీ గురించిన ఈ పుస్తకం మాత్రం కర్రతో మొదలైంది. వీణల మధ్య పెరిగిన నాకు మొదటి అధ్యాయంలోనే ఇది దగ్గరైపోయింది.

రచయిత్రి పట్టుకున్న సూత్రం ఒక్కటే. ఆరు ఉక్కు తీగలనూ శ్రుతికి బిగిస్తే అవన్నీ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడును ఓర్చుకోవలసింది 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే స్ప్రూస్ పలక. మందంగా ఉంచితే పలక గట్టిగానే ఉంటుంది, కానీ మోగదు. పల్చన చేస్తే మోగుతుంది, కొన్నేళ్లకు పొంగి, తీగలు ఆనుకునే బ్రిడ్జిని లేపేస్తుంది. గిటార్ చరిత్ర అంతా ఈ పేచీ తీర్చడానికి పడ్డ పాట్లేనని ఆమె వాదం. నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

స్పెయిన్‌లో అల్మెరియా దగ్గర 1817లో పుట్టిన ఆంటోనియో దె తోరెస్ అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. వడ్రంగం నేర్చి గిటార్ పనిలోకి వచ్చిన మనిషి ఆయన. గిటార్ పొట్ట పెంచాడు. పై పలకను పల్చన చేసి, దాని అడుగున విసనకర్ర పుల్లల్లా పరుచుకునే సన్నని పట్టీల అమరికకు ఒక స్థిరమైన రూపం ఇచ్చాడు. తీగ మోగే నిడివికి ఆయన ఎక్కువగా వాడిన కొలత 650 మిల్లీమీటర్లు. ఈనాటి క్లాసికల్ గిటార్‌కు కూడా అదే కొలత. నాదం పుట్టేది పై పలకలోనే అని ఆయన నమ్మకం. దాన్ని నిరూపించడానికి 1862లో పక్కలూ వెనక భాగమూ కాగితపు అట్టతో చేసి, పై పలక ఒక్కటీ మంచి కర్రతో వేసి ఒక గిటార్ తయారుచేశాడు. అది ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. బొబ్బిలిలో పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేయడం చూసిన కళ్లకు ఇది వేరే లోకం. గిటార్ ఒళ్లంతా అతుకులే. ఏ అతుకు ఎక్కడ, ఎంత సన్నగా ఉండాలన్న లెక్కలోనే దాని విద్య అంతా ఉంది.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ కథను ఆమె చాలా బాగా చెప్పింది. జర్మనీలో సాక్సనీలోని మార్క్‌న్యూకిర్షెన్‌లో వయొలిన్ చేసేవాళ్ల సంఘం, గిటార్ చేసే హక్కు తమదేనని బీరువాలు చేసే వడ్రంగుల మీద గొడవకు దిగింది. మార్టిన్ కుటుంబం ఆ వడ్రంగుల వైపు. విసిగిన మార్టిన్ 1833లో న్యూయార్క్ వెళ్లి, తర్వాత పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో స్థిరపడ్డాడు. 1840లలో అతని గిటార్లలో పలక అడుగున ఇంటూ గుర్తులా అడ్డంగా పడే పట్టీలు వచ్చాయి. అప్పటి తీగలు జంతువుల పేగులతో చేసినవి. సుమారు ఎనభై ఏళ్ల తర్వాత ఉక్కు తీగలు వచ్చినప్పుడు, ఆ బరువు మోయడానికి అదే అమరిక అక్కరకొచ్చింది.

ఈ భాగం చదివాక మా మనవడి గిటార్ తీసుకుని, రంధ్రంలోంచి చిన్న అద్దం దూర్చి టార్చి వేసి చూశాను. రంధ్రానికీ బ్రిడ్జికీ మధ్య రెండు పట్టీలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. బ్రిడ్జి కింద చిన్న గట్టి చెక్క, దానికి ఆనుకుని ఆరు తీగల చివరి ఇత్తడి గుండ్లు. ఆమె రాసిందంతా అక్కడ కనిపించింది.

రకాల గురించి క్లుప్తంగానే రాసింది, అది సబబే. మార్టిన్ కంపెనీ 1916లో డిట్‌సన్ దుకాణం కోసం చేసిన, యుద్ధనౌక పేరు పెట్టుకున్న డ్రెడ్‌నాట్. 1922 నాటి, వయొలిన్‌లా ఉబ్బెత్తు పలక ఉన్న గిబ్సన్ ఎల్-5 ఆర్చ్‌టాప్. 1927లో వచ్చిన లోహపు రెసొనేటర్ గిటార్. అన్నీ ఇంకా గట్టిగా వినిపించాలన్న తపన నుంచి పుట్టినవే. 1960ల చివర బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక మార్టిన్ కంపెనీ భారతీయ రోజ్‌వుడ్‌కు మారిందని, అది మన అడవుల్లో పెరిగే జిట్రేగేనని చదివి ఎంతో సంతోషించాను.

ప్లైవుడ్ గిటార్ల మీద ఆమె తీర్పు మాత్రం కాస్త కటువు. విశాఖ తేమకూ అనంతపురం ఎండకూ ప్లైవుడ్ కాని ఒంటి కర్ర పలక పగిలే ప్రమాదం ఎక్కువ. నేర్చుకునే పిల్లలకు ప్లైవుడ్డే మేలని నా అభిప్రాయం.

ఒక్క కోరిక. రెండో ముద్రణలో మన దేశపు స్లైడ్ గిటార్‌కు ఒక అధ్యాయం కేటాయించాలి. బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్‌ను హిందుస్తానీ కచేరీకి తెచ్చారు. విశ్వమోహన్ భట్ ఆర్చ్‌టాప్ గిటార్‌కు శ్రుతి పలికే చికారీలు, వాటంతట అవే మోగే తరఫ్ తీగలు జోడించి మోహనవీణ చేశారు. అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ అందుకున్నారు. దాదాపు ఇరవై తీగల ఆ లాగుడును పై పలక ఎలా మోస్తోందో వివరంగా రాయగలిగింది ఈ రచయిత్రే.