కేంద్రక ప్రయోగవిద్య: స్వామి జ్ఞానానందుల సంప్రదాయము

పరమాణు కేంద్రకమును కన్నులార చూచినవారెవరును లేరు. ఎంతటి సూక్ష్మదర్శినికిని దాని అంతరంగము గోచరింపదు. అయినను దాని శక్తిస్థాయు లెట్టివో, అది యెంతకాలము నిలిచి యే విధమున విఘటనము చెందునో నేడు మనకు తెలిసియున్నది. ఈ జ్ఞానమంతయు కేంద్రకమునుండి వెలువడు వికిరణమును ఓపికతో కొలిచి, లెక్కించి, ఆ లెక్కలోని దోషమును సైతము లెక్కకట్టి సంపాదించినదే. ఇట్టి ప్రయోగవిద్యను తెలుగునాట విశ్వవిద్యాలయమున పాదుకొల్పిన మహనీయులు స్వామి జ్ఞానానందులు.

భీమవరమునకు చేరువనున్న గొరగనమూడి గ్రామమున 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా జన్మించి, యౌవనముననే ఇల్లు విడిచి హిమాలయములలో యోగసాధన చేసి, 1927లో జర్మనీకి వెళ్లిన యీ సన్న్యాసి, అచ్చట నవీన భౌతికశాస్త్రమునెడ ఆకృష్టులై, ప్రేగ్ నగరమందలి ఛార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్స్‌కిరణ వర్ణపటములపై పరిశోధించి డాక్టరు పట్టమును గడించిరి. పిమ్మట న్యూట్రానును కనుగొన్న జేమ్స్ చాడ్విక్ సన్నిధిని లివర్‌పూల్‌లో బీటాకిరణములపై కృషిచేసిరి. స్వదేశమునకు మరలివచ్చిన తరువాత 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరి, 1956లో వాల్తేరున కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పి, 1965లో విశ్రమించువరకు దానిని పెంచి పోషించిరి.

ఆయన చేపట్టిన బీటా వర్ణపటమితి మిక్కిలి శ్రమసాధ్యమైన విద్య. బీటా విఘటనమున వెలువడు ఎలక్ట్రానులన్నియు ఒకే శక్తితో రావు; శూన్యము మొదలుకొని యొక గరిష్ఠపరిమితి వరకు పలు శక్తులతో వచ్చును. వానిని అయస్కాంతక్షేత్రమున ప్రవేశపెట్టినచో మందగాములు చిన్న వలయముగను, శీఘ్రగాములు పెద్ద వలయముగను వంగును. ఆ వంపును కొలిచి శక్తిని నిర్ణయింతురు. అయితే ఎలక్ట్రానులు పయనించు గొట్టములో గాలి మిగిలియున్నచో ఎలక్ట్రాను దారిలో అణువులను తాకి శక్తిని కోల్పోవును, కొలత అసత్యమగును. కావున మొదట రోటరీ పంపుతోను, తరువాత డిఫ్యూజన్ పంపుతోను గాలిని తోడివేసి, ఏ అతుకునందు సూక్ష్మరంధ్రమున్నదో వెదకి మూయవలెను. రేడియోధార్మిక పదార్థమును సైతము అతిపలుచని పొరగా పూయనిచో, ఎలక్ట్రాను బయటపడకమునుపే ఆ పొరలోనే శక్తిని పోగొట్టుకొనును. ఉన్నత శూన్యమును సాధించు పద్ధతులపై స్వామివారు 1947లో ఒక ఉద్గ్రంథమును ప్రకటించుటకు గల ఆంతర్య మిచ్చట బోధపడును: ఆయన దృష్టిలో పరికరనిర్మాణము పరిశోధనకు బాహ్యము కాదు, పరిశోధనయే.

బోధనలోను ఈ విద్యకొక క్రమము కలదు. విద్యార్థి తొలుత వికిరణమును లెక్కించు గైగర్ గొట్టమునకు వోల్టేజిని క్రమముగా పెంచుచు, లెక్క యెచ్చట మొదలగునో, ఎచ్చట పెరుగుదల ఆగి ఇంచుమించు సమతలమగునో గుర్తించి, ఆ సమతలముననే గొట్టమును నడుపుట నేర్చుకొనును. తరువాత ఒకే మూలమును, ఒకే దూరమున, ఒక్కొక్క నిమిషము పలుమారులు లెక్కింపగా ప్రతిసారియు వేరు సంఖ్య వచ్చును. పరికరము చెడినదని శిష్యుడు కలవరపడగా, విఘటనము స్వభావతః యాదృచ్ఛికమని గురువు బోధించును. నూరు లెక్కలలో అనిశ్చితి పది, అనగా నూటికి పది. పదివేల లెక్కలలో అనిశ్చితి నూరు, అనగా నూటికి ఒకటి. ఖచ్చితత్వము పదిరెట్లు కావలెనన్న లెక్కలు నూరురెట్లు కావలెను. ఇంతకంటె నిష్కర్షగా ఓర్పును నేర్పు పాఠము వేరొకటి యరుదు.

ఈ విద్యకు సామగ్రి దూరదేశమునుండి రానక్కరలేదు. ఉదాహరణకు, సిద్దిపేట జిల్లా ములుగు చేలలోని మట్టిని కొంత తెచ్చి, ఎండబెట్టి, జల్లించి, తూచి, గాలి చొరని డబ్బాలో బంధించి, రేడాన్ వాయువు తన మాతృమూలకముతో సమతుల్యమునకు వచ్చుటకై సుమారు నెలరోజు లుంచవలెను. సీసపు ఇటుకల గూటిలో సోడియం అయొడైడ్ స్ఫటికముపై దానినుంచినచో, లోచొచ్చి శక్తిని విడిచిన ప్రతి గామాకిరణము స్ఫటికమున నొక లేతమెరుపును పుట్టించును. ఆ మెరుపు తీవ్రతయే కిరణశక్తికి గుర్తు. సీజియం-137 వెలువరించు 662, కోబాల్ట్-60 వెలువరించు 1173, 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణములతో ముందుగా కొలబద్దను సరిచూచుకొన్న విద్యార్థికి, 1460 వద్ద లేచు శిఖరము పొటాషియం-40దని తెలియును. దాని అర్ధాయువు సుమారు 125 కోట్ల సంవత్సరములు. మొక్కకు ప్రాణాధారమైన పొటాషియములోనే, గ్రామునకు సెకనుకు సుమారు ముప్పది కేంద్రకములు సహజముగా విఘటనము చెందుచున్నవి. అయితే ఖాళీడబ్బాను అంతే కాలము లెక్కించి, ఆ సంఖ్యను తీసివేయక ఫలితమును ప్రకటించుట శాస్త్రధర్మము కాదు.

ములుగులో నేడు కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయమును, అటవీ కళాశాలయు నున్నవి. మట్టియు మొక్కయు నిత్యపాఠ్యములైన యీ విద్యాస్థానములకు కేంద్రక ప్రయోగవిద్య పరాయిది కాదు. గామాకిరణములతో విత్తనములందు ఉత్పరివర్తనములను కలిగించి క్రొత్త వంగడములను రూపొందించు పద్ధతి వ్యవసాయశాస్త్రమున ఏనాడో స్థిరపడినది.

స్వామి జ్ఞానానందులు 1969లో సిద్ధినొందిరి. ఆయన మనకిచ్చిన ఆస్తి ఒక శాఖ మాత్రమే కాదు, ఒక నియమము: దోషమితి చెప్పని సంఖ్య జ్ఞానము కాదనునది. కావున మన కళాశాలల పెద్దలు ప్రయోగశాలల బీరువాలకు వేసిన తాళములు తీయించి, ప్రతి విద్యార్థిచేతను కనీసమొక్క కొలతనైన మొదటినుండి తుదివరకు స్వయముగా చేయింపవలెనని నా విన్నపము.