బొంతలో బ్లాకులుండవు

ఆలిస్ వాకర్ కథ ‘ఎవ్రీడే యూజ్’ 1973లో వచ్చింది. ఇంగ్లీషు క్లాసులో చదివినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. పల్లెలో తల్లి, ఆమెతోనే ఉండే చిన్నకూతురు మ్యాగీ, చదువుకుని పట్నం పోయి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దకూతురు డీ. పెట్టెలో ఉన్న పాత బొంతలు రెండు కావాలంటుంది డీ. గోడకి వేలాడదీస్తుందట. అవి మ్యాగీ పెళ్ళికి ఇస్తానని తల్లి ఎప్పుడో మాటిచ్చింది. మ్యాగీకిస్తే రోజూ వాడి చింపేస్తుందని డీ గోల. ఆఖరికి తల్లి వాటిని డీ చేతుల్లోంచి లాక్కుని మ్యాగీ ఒళ్ళో పడేస్తుంది. క్లాసులో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: బొంత గోడకా, మంచానికా?

నన్ను ఆపింది ఆ ప్రశ్న కాదు, మధ్యలో తల్లి మామూలుగా చెప్పి వదిలేసే ఒక సంగతి. గుడ్డముక్కలు జతచేసి పైభాగం కుట్టింది అమ్మమ్మ. దాన్ని వసారాలో చట్రానికి బిగించి, పొరలన్నీ కలిపి కుట్టింది తల్లీ, ఆమె తోబుట్టువూ. అంటే డీ పురావస్తువులా పట్టుకున్న ఆ బొంత అప్పటికే ఒకరు కుట్టిన ముక్కల మీద ఇంకొకరు చేసిన కొత్త పని. అమెరికన్ బొంతలో ఇది కుదురుతుంది. అక్కడ బ్లాకు దానికదే పూర్తయిన ముక్క. అమ్మమ్మ పది బ్లాకులు కుట్టి పెట్టెలో పెట్టినా, మనవరాలు వాటిని ఇంకో పదింటితో కలిపి బొంత చేయొచ్చు. పాత కుట్టు ఒక్కటీ తెగదు.

మన బొంత సంగతి వేరు. జి.కొండూరు నుంచి నందిగామ, జగ్గయ్యపేట దాకా పత్తీ మిరపా పండే ఆ మెట్ట ఊళ్ళలో బొంతంటే పైనా కిందా పాత నూలు చీరలు, లోపల చిరిగిన పంచెలు, లుంగీలు, దుప్పట్లు. వాటన్నిటినీ పట్టి ఉంచేది పెద్ద సూదితో వేసిన దూరం కుట్టు. అది ఈ అంచు నుంచి ఆ అంచుకి వరసలు వరసలుగా పోతుంది. దర్జీ కొట్టు ముక్కలతో కుట్టినవీ ఉన్నాయి, అది వేరే లెక్క. చీరల బొంతలో మాత్రం బ్లాకు అనేదే లేదు. అది కత్తెర పెట్టాక పుడుతుంది.

ఈమధ్య పాత బొంతలు కోసి కుట్టిన జాకెట్లు, సంచులు, దిండు గలీబులు చూస్తున్నాం. చూడ్డానికి బావుంటాయి, కాదనను. కానీ దూరం కుట్టుని మధ్యలో కోస్తే రెండు కొసలా ముడి ఉండదు. ఉతికినకొద్దీ దారం జారిపోతుంది. అలా కాకూడదని ముక్క చుట్టూ మిషన్ కుట్టు వేస్తారు. నలిగి మెత్తబడ్డ నూలు ఆ బిగుతుకి కుట్టు వెంబడే చినుగుతుంది. పక్కన జతచేసిన కొత్త గుడ్డ ముందే తడిపి ఆరేసింది కాకపోతే, మొదటి ఉతుకులో కుంచించుకుపోయి పాతదాన్ని లాగేస్తుంది. జాకెట్‌కి తీసుకునేది ఎప్పుడూ చిరుగు లేని భాగమే. పిల్లలు పక్క తడిపిన చోటు, మంచం పట్టె ఒరుసుకుని అరిగిన చోటు చెత్తబుట్టలోకి పోతాయి. ఆ బొంత ఎవరి ఇంట్లో ఎలా బతికిందో తెలిసేదే ఆ చోట్లలో. దుకాణంలో మాత్రం ఈ సరుకుకి ‘జ్ఞాపకం’ అని పేరు!

ఊళ్ళలో పాత బొంతని కొత్తదాంట్లోకి తెచ్చే పద్ధతి లేకపోలేదు. చిరిగిన బొంతని కోయరు. దాని మీద ఇంకో చీర పరిచి, అన్ని పొరల్లోంచీ సూది దిగేలా మళ్ళీ కుడతారు. పాతది లోపలికి పోతుంది. ఎవరికీ కనపడదు. చేతికి మాత్రం బరువు తెలుస్తుంది. పాత కుట్టుతో ఇవాళ ఏదైనా చేయాలనుకునే డిజైనర్లు మొదట దీన్నే చూడాలని నా అభిప్రాయం. ఇబ్బందల్లా కనపడనిదాన్ని అమ్మడం కష్టం.

2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ అలబామా రాష్ట్రం గీస్ బెండ్ నల్లజాతి స్త్రీల బొంతలు గోడలకెక్కాయి. పక్కనే కుట్టినవాళ్ళ పేర్లున్నాయి, ఎవరూ వాటిని కోయలేదు. అందుకే గోడకెక్కించడం ఒక్కటే నేరమనుకోను. ఆ మాటకొస్తే వాకర్ డీ పట్ల కాస్త కఠినంగానే ఉందనిపిస్తుంది. ఈ కథ చదువుతూ మనమంతా మ్యాగీ పక్షం చేరిపోతాం గానీ, హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుని చదువుతున్న మనం డీలమే. చేత్తో వేసిన ఆ కుట్లు చూసి అబ్బురపడేది కథలో డీ ఒక్కతే. అంచులకి మిషన్ కుట్టు ఉన్న వేరే బొంతలు ఇస్తానంటే ఆమెకి అక్కర్లేదు. కాలేజీకి వెళ్ళేటప్పుడు తల్లి ఇవ్వబోతే, పాతకాలపువని వద్దన్నదీ ఆమే. మారిన మనసుని తప్పుపట్టలేం. నాకు గుచ్చుకునేది వేరొకటి: ఆ బొంతల పని అయిపోయిందని డీ అనుకుంటుంది. చిరిగితే మ్యాగీ ఇంకోటి కుట్టుకుంటుందిలే, దానికి కుట్టడం వచ్చు అని తల్లి అన్న మాట డీకి జవాబుగా కూడా వినపడదు. మ్యాగీకి ఆ కుట్టు నేర్పింది ఎవరో కాదు, ఆ అమ్మమ్మా, ఆ తోబుట్టువూ. డీ కూడా ఆ ఇంట్లోనే పెరిగింది.