వేషం విప్పి అడిగినవాళ్ళు

పగటివేషగాళ్ళకు వేదిక లేదు, టికెట్టు లేదు. ఊళ్ళో కొన్నాళ్ళు మకాం వేసి, రోజుకో వేషంలో గడపగడపకూ తిరిగేవారు. ఒకనాడు బుడబుక్కల, ఇంకోనాడు సోమయాజులు-సోమిదేవమ్మ. నిజం బుడబుక్కలవాడే వచ్చాడనుకుని చేటలో బియ్యం తెచ్చిన ఇల్లాలు, పక్కింటావిడ ముసిముసిగా నవ్వితే గానీ తేరుకునేది కాదు. అర్ధనారీశ్వర వేషమైతే మరీను. నిలువునా సగం శివుడు, సగం పార్వతి. గుడ్డ అటు జరిపితే అయ్య, ఇటు జరిపితే అమ్మ. కూచిపూడి వాళ్ళూ ఈ వేషాలు కట్టారు. మకాం ముగిశాక అవే గడపలకు వచ్చి సంభావన అడిగేవారు. నచ్చనివాడు మొహం మీదే తిట్టొచ్చు. మోసపోయినవాడే ప్రేక్షకుడు, తీర్పూ వాడిదే.

ఇప్పుడు మోసపోయేది ఒకరు, చూసి నవ్వేది ఇంకెక్కడో ఉన్న లక్షమంది.

మొన్న హైదరాబాద్‌లో మా పుప్పాలగూడలో టీ కొట్టు దగ్గర, రోడ్డు ఊడ్చే ఆమె చీపురు ముందు ఇద్దరు కుర్రాళ్ళు రబ్బరు పాము వదిలారు. ఎదురుగా మూడోవాడి ఫోను. ఆమె కేక పెట్టి, చెప్పు జారిపోయి, ఆగివున్న ఆటోకు గుద్దుకుంది. తర్వాత నవ్వింది. కోపం రాలేదా అంటే, "ఏం జేస్తా సారూ, అందరు నవ్విన్రు, నేను గూడ నవ్విన" అంది. ఆ నవ్వునే ఒప్పుకోలు కింద జమ కట్టేస్తున్నారు.

కుర్రాళ్ళననేం లాభం? 2022లో 'అశోకవనంలో అర్జున కల్యాణం' సినిమా ప్రచారానికి హైదరాబాద్ నడిరోడ్డు మీద ఒకతను హీరో విశ్వక్ సేన్ కారుకు అడ్డంపడి, చచ్చిపోతానని గోల చేశాడు. అంతా నాటకం. దారినపోయేవాళ్ళకు అది తెలియదు. వ్యవహారం మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు దాకా వెళ్ళింది. 2024లో కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఒక యూట్యూబర్ నోట్లు గాల్లోకి విసిరి, జనం ఏరుకుంటుంటే వీడియో తీశాడు. పోలీసులు కేసు పెట్టారు.

నేనూ వీధుల్లో ఫొటోలు తీస్తాను కాబట్టి అవతలి పక్షమూ తెలుసు. అడిగి తీస్తే మొహం బిగుసుకుంటుంది. ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ న్యూయార్క్ సబ్‌వేలో కోటు కింద కెమెరా దాచి 1938-41 మధ్య తీసిన మొహాలు అడిగి తీస్తే వచ్చేవి కావు. కానీ ఆయన వాటిని పుస్తకంగా వేసింది 1966లో. పాతికేళ్ళు ఆగాడు! మనం పాతిక సెకన్లు ఆగం.

అదే ఊళ్ళో ఆర్నే స్వెన్సన్ ఎదురు భవనం అద్దాల్లోంచి ఇళ్ళలోని వాళ్ళను టెలిఫొటో లెన్సుతో తీసి, 2013లో ప్రదర్శనకు పెట్టాడు. పిల్లల ఫొటోలు చూసుకున్న తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2015లో అప్పీలు కోర్టు కూడా ఫొటోగ్రాఫర్ పక్షానే నిలిచింది, అతని పద్ధతి కలవరపరిచేదేనంటూనే. టవరుకు టవరు ఎదురెదురుగా లేస్తున్న మా పుప్పాలగూడవాళ్ళకు ఈ కేసు ఊరికే చదివి వదిలేసేది కాదు.

చట్టం సంగతి తర్వాత. ఫోన్లు పట్టుకున్న తమ్ముళ్ళూ, వీడియో ఎక్కించే ముందు అందులో ఉన్న మనిషికి ఒకసారి చూపించండి. వద్దంటే అక్కడే, ఆ మనిషి చూస్తుండగానే తీసేయండి. డబ్బులొస్తే వాటా ఇవ్వండి.