తెలిసినంతే చెప్పడం

ఈ వారం మా సంఘంలో వీబీఎస్ ముగిసింది. వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే ఈ బైబిలు తరగతుల గురించి ఏటా ఈ కాలమ్‌లో ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. ఈసారి ఒక పిల్లవాడి ప్రశ్న గురించి, దానికి వచ్చిన జవాబు గురించి రాయాలి.

పాఠం నిర్గమకాండంలోది. పదేళ్ల పిల్లల తరగతి. చెబుతున్న అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఐగుప్తు మీదికి తెగుళ్లు ఒక్కొక్కటీ దింపుతూ వస్తోంది. వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. "అక్కా, ఫరో మనసును దేవుడే కఠినం చేశాడంటున్నావు కదా. మరి తప్పు ఫరోది ఎట్టా అవుద్ది?" అన్నాడు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "నాకు తెలీదురా. కనుక్కుని రేపు చెప్తా" అంది.

తరగతి అయ్యాక సంఘ పెద్ద ఒకాయన ఆమెను పక్కకు పిలిచి మందలించారు. "టీచరువై ఉండి తెలీదంటే పిల్లలకు వాక్యం మీద ఏం నమ్మకం ఉంటుందమ్మా? ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టాల్సింది" అన్నారు. ఆ 'ఏదో ఒకటి' అన్న మాట వారమంతా నన్ను వదల్లేదు.

ఎందుకంటే మన సంఘాల్లో ఏదో ఒకటి చెప్పడం బాగా ముదిరిపోయింది. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిపోయిన రోజును నాసా కంప్యూటర్లు లెక్కగట్టి పట్టుకున్నాయని ఎన్ని ఉజ్జీవ సభల్లో విన్నాం! అలాంటిదేమీ జరగలేదని నాసా వారే ఎన్నడో చెప్పారు. అయినా ఆ కథ కరపత్రాల నుంచి క్యాసెట్లలోకి, క్యాసెట్ల నుంచి వాట్సాప్‌లోకి ఎక్కి హాయిగా బతుకుతోంది. రష్యాలో నేలలోకి లోతైన బోరు వేస్తే నరకంలోని కేకలు వినబడ్డాయనేది ఇంకొకటి. కోలా ద్వీపకల్పంలో బోరు వేసిన మాట నిజం. 1989లో అది 12,262 మీటర్ల లోతుకు చేరింది. కేకలు మాత్రం కల్పితం. సత్యస్వరూపి అని మనం కొలిచే దేవుని కోసం అబద్ధం చెప్పడానికి మనకు నోరెలా వస్తోంది? ఇంటరు చదివే కుర్రాడు ఒక్కసారి ఫోనులో వెతికితే ఆ కథ అక్కడికక్కడే కూలిపోతుంది. దాంతోపాటు, అదే నోటితో చెప్పిన పునరుత్థానం కూడా అతని మనసులో కూలిపోతుంది. ఆ నష్టానికి లెక్క చెప్పవలసింది ఎవరు?

యాకోబు తన పత్రిక మూడో అధ్యాయాన్ని ఈ భయంతోనే మొదలుపెట్టాడు. మీలో చాలామంది బోధకులు కావద్దనీ, బోధించేవారికి తీర్పు మరింత కఠినంగా ఉంటుందనీ హెచ్చరించాడు. ఆ అధ్యాయం పిల్లల తరగతి చెప్పేవారి నుంచి ఆదివారం వర్తమానం ఇచ్చేవారి దాకా అందరికీ ముందు చదివి వినిపించాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను. ఆ హెచ్చరిక పట్టనట్టే మన మైకులు మోగుతున్నాయి. పక్క వీధిలో పరీక్షలకు చదువుకునే పిల్లలున్నా, మంచం పట్టిన ముసలివాళ్లున్నా పట్టించుకోని గొంతు సువార్త గొంతు కాదు. సాత్వికంతో, భయంతో జవాబు చెప్పమన్నాడు పేతురు. అడిగినవాడికి చెప్పే జవాబుకు లౌడ్‌స్పీకరు అక్కర్లేదు. ఇక ఫోను పట్టుకున్న ప్రతివాడూ ఈరోజు బోధకుడే. సగం వచనం చదివి, నిమిషంలో అర్థం చెప్పి, అంతలోనే ఇంకో వచనం మీదికి దూకుతున్నాడు.

ఇవన్నీ చూసినప్పుడు బోధించేవాళ్లు తగ్గాలనే అనిపిస్తుంది. చదువు ఉండాలి, పరీక్ష ఉండాలి, అర్హత తేలాకే నోరు విప్పాలి అనిపిస్తుంది. కానీ ఒంగోలు పక్కన పుట్టినవాడు ఆ మాట అనే ముందు గుండ్లకమ్మ నది వైపు ఒకసారి చూడాలి.

మిషనరీ జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చేనాటికి ఆయనకు తెలుగు ఇంకా పట్టుబడుతూ ఉన్న దశే. ఆ ప్రాంతంలో సువార్త నడిచింది యర్రగుంట్ల పేరయ్య కాళ్లతో. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ పేరయ్య తోళ్ల వ్యాపారం చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు. క్రీస్తును ఎరగకముందే రాజయోగం బోధించే గురువుల దగ్గర కూర్చుని, సత్యం కోసం వెతికిన మనిషి. చదవడం రాదు. బాప్తిస్మం పొందాక ఆయన పాఠశాలకు పోలేదు, పట్టా పొందలేదు. తన ఊరికి పోయి, తనకు తెలిసింది తన వాళ్లకు చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి అక్కడ 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లను సిద్ధం చేసింది పేరయ్య, ఆయన భార్య నాగమ్మ.

అప్పుడే ఇంకో చిక్కు వచ్చింది. మాదిగలు సంఘంలోకి వస్తే మేం రామని ఒంగోలులోని పై కులాలవారు తెగేసి చెప్పారు. వాళ్ల పిల్లలు మిషన్ బడి మానేశారు. చదువున్నవారు, పరపతి ఉన్నవారు ముందు వస్తే మిగతావారికి వాళ్లే నేర్పుతారు కదా అనే ఆలోచన అప్పట్లో చాలామంది మిషనరీలకు ఉండేది. క్లౌ, ఆయన భార్య విడివిడిగా ప్రార్థన చేసుకుని, విడివిడిగానే బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. మాదిగలకు తలుపు తెరిచే ఉంచారు.

తరవాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని తినేసిన కరువు అది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు. మట్టి తట్టలు దించి కూలీలు సేదదీరే వేళ వాళ్ల మధ్య కూర్చుని యేసు సంగతి చెప్పారు. ప్రయాసపడి భారం మోసేవారిని రమ్మనే ఆ పిలుపు, నెత్తిన తట్ట మోసేవారికి వివరించనక్కర్లేకుండానే అర్థమైంది. బాప్తిస్మం అడిగినవారు ఎందరో ఉన్నారు. కరువు సాగినంతకాలం క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు. గింజ కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో తేలాలని ఏడాదికి పైగా ఆపాడు. సహాయం నిలిచిపోయింది, ఇక ఇవ్వడానికి డబ్బు లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున.

మత మార్పిడి గురించి ఈ దేశంలో నడిచే ప్రతి వాదంలోనూ ఆ ఏడాది నిరీక్షణను గుర్తు చెయ్యాలని నాకు అనిపిస్తుంది. సత్యాన్ని గింజతో కలిపి తూచకూడదు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టడం ఒక బాధ్యత. అతనికి సత్యం చెప్పడం ఇంకో బాధ్యత. రెండూ చెయ్యాలి, ఒకదాన్ని మరొకదానికి ఎరగా వాడకూడదు. ఎర చూపినవాడు సత్యాన్నీ అవమానిస్తున్నాడు, ఎదుటి మనిషినీ అవమానిస్తున్నాడు.

అర్హత తేలాకే నోరు విప్పాలనే కొలత ఆనాడు పెట్టి ఉంటే ఆ 2,222 మందికి చెప్పేవారే లేరు. అర్హత ఉన్నవారే శాస్త్రం పలకాలనే నియమం ఈ నేల మీద ఎన్ని శతాబ్దాలు ఎవరి నోళ్లు మూయించిందో, ఎవరి చెవులు మూయించిందో మాలపల్లెలకు, మాదిగపల్లెలకు వేరే చెప్పాలా? ఆ పల్లెల్లో పుట్టిన సంఘం అదే నియమాన్ని తన గడప మీద తానే రాసుకోవడం నాకు సమ్మతం కాదు.

దోర్నకల్‌లో అజరయ్యగారు సరిగ్గా దీనికి ఎదురు దారి నడిచారు. 1912లో బిషప్ అయిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తమిళనాడులో పుట్టి తెలుగు నేర్చుకున్నారు. చదువురాని సంఘాలకు పాటలతో, కథలతో వాక్యం నేర్పించారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారు చెయ్యి తమ తలమీద తామే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అనే పౌలు మాటను తమ మాటగా పలికేవారు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ, పొలం కూలీ అయినా సరే, ఇంకొకరికి చెప్పే బాధ్యత మోయాలని అజరయ్యగారి పట్టు.

మరి యాకోబు హెచ్చరిక ఏమైనట్టు? ఈ వారం ఆలోచనంతా ఇక్కడే చిక్కుకుంది. దారి చూపింది మా నాయనమ్మ జ్ఞాపకం.

మా నాయనమ్మకు అక్షరాలు రావు. పొగాకు బ్యారన్ దగ్గర ఆకును కర్రలకు కట్టే పనిలో ఉన్న ఆడవాళ్లకు బైబిలు కథలు చెప్పేది. రూతు కథ, హన్నా కథ, సమరయ స్త్రీ కథ. కథ చెప్పే ముందురోజు రాత్రి బుడ్డి దీపం దగ్గర నన్ను కూర్చోబెట్టి ఆ అధ్యాయం చదివించుకునేది. తన నోట్లో ఉన్న కథ, నేను చదివేది ఎక్కడైనా కలవకపోతే, "ఆగరా, మళ్లీ చదువు" అనేది. మళ్లీ చదివేవాణ్ని. "అయితే నేను ఇన్నాళ్లూ కలిపి చెప్పానన్నమాట" అని మర్నాడు బ్యారన్ దగ్గర ముందుగా ఆ మాటే చెప్పి కథలోకి దిగేది. కలిపిన ముక్క ఎంత అందంగా ఉన్నా తీసేసేది. ఎవరైనా పట్టి అడిగితే, "ఇంతవరకే ఉంది పుస్తకంలో. ఆదివారం అయ్యగారిని అడిగి చెప్తా" అనేది. అడిగి వచ్చేది కూడా.

పేరయ్యకూ ఇదే పద్ధతి దొరికింది. మూడు నెలలకోసారి బోధకులంతా ఒంగోలుకు చేరేవారు. తిరిగిన ఊళ్ల సంగతులు చెప్పి, ప్రశ్నలు అడిగి, కొత్త పాఠం నేర్చుకుని మళ్లీ పల్లెలకు పోయేవారు. 1872లో రామాయపట్నంలో బోధకులకు పాఠశాల కూడా తెరిచారు. వాళ్లకు తెలిసింది తక్కువే. ఆ తక్కువను దాటి మాట్లాడలేదు. మిగతాది అడగడానికి ఒక చోటు ఉంది. యాకోబు భయపడింది నాలుకను అదుపు చెయ్యలేని బోధకుణ్ని చూసి, చదువులేని బోధకుణ్ని చూసి కాదు. ఆ అధ్యాయంలో హెచ్చరిక వెంటనే వచ్చేది నాలుక సంగతే.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలోని అపొల్లో కథ దీనికి మంచి సాక్ష్యం. అపొల్లో విద్వాంసుడు, మాటకారి. కానీ యోహాను బాప్తిస్మం దాకానే ఎరుగును. ఎఫెసు సమాజమందిరంలో అతని మాట విన్న ప్రిస్కిల్ల, అకుల డేరాలు కుట్టుకు బతికే ఆలుమగలు. జనం ముందు అతణ్ని తప్పు పట్టలేదు. మాట్లాడవద్దనీ అనలేదు. తమతో చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా వివరంగా చెప్పారు. పండితుడు చేతిపని చేసుకునేవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. సంఘ పెద్దరికం అంటే నాకు అదే.

ఫరో గురించి ప్రశ్న వచ్చిన ఆ రాత్రే మా వీబీఎస్ అమ్మాయి పాస్టరమ్మగారిని అడిగింది. మర్నాడు పిల్లలందరి చేతా నిర్గమకాండం తెరిపించి, కఠినం అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతకమంది. ఎనిమిదో అధ్యాయంలో ఫరో తన హృదయాన్ని తానే కఠినం చేసుకున్నాడని పిల్లలు పట్టుకున్నారు. తెగుళ్ల మధ్యలో, యెహోవాయే కఠినం చేశాడని సూటిగా ఉన్నది తొమ్మిదో అధ్యాయంలో, పొక్కుల తెగులు దగ్గర. "అయితే ముందు ఫరోనే వినలేదు" అన్నాడు ఆ కుర్రాడు. అంతటితో ముగించకుండా, నాలుగో అధ్యాయంలో దేవుడు మోషేతో ముందే ఆ మాట అన్నాడని కూడా ఆమె చూపించింది. రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయంలో పౌలు దీనితోనే కుస్తీ పట్టాడని, పెద్దయ్యాక చదవమని చెప్పింది. ఆ పిల్లలు ఆ రోజు పుస్తకాన్ని తమంతట తాము వెతికారు. ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టి ఉంటే ఆ పని జరిగేదా?

కాబట్టి బోధించేవారిని తగ్గించమని నేను అనను. పెంచమంటాను. తల్లి బిడ్డకు చెప్పాలి, తిమోతికి యునీకే, లోయి నేర్పినట్టు. కాలేజీ పిల్ల పదేళ్లవాడికి చెప్పాలి. ఆటో నడిపే అన్న తన స్టాండులో, అడిగినవారికి, అడిగినంత చెప్పాలి. కానీ బోధించే ప్రతివారికీ సంఘం ఒక హక్కు ఇవ్వాలి, ఒక హద్దు గీయాలి. తెలియనప్పుడు తెలియదనే హక్కు. పుస్తకంలో లేనిది కలపకూడదనే హద్దు.

దీనికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి సంఘంలో వారానికి ఒక సాయంత్రం బోధించేవారంతా, పాస్టరుగారితో సహా, బైబిళ్లు తెరుచుకుని కూర్చోవాలి. ఆ వారం తమను ఎవరేం అడిగారో, ఏం చెప్పారో, ఎక్కడ ఆగిపోయారో ఒకరికొకరు చెప్పుకోవాలి. సండే స్కూలు అమ్మాయి పాస్టరుగారి వర్తమానాన్ని ప్రశ్నించగలగాలి. బెరయవారు పౌలు మాటనే లేఖనాలతో సరిచూసుకుంటే వాళ్లను ఘనులన్నారు, ధిక్కారులనలేదు. అలాంటి కూటం లేని సంఘంలో ఎంత గొప్ప వక్త ఉన్నా అతని బోధకు కాపలా లేదు. అది ఉన్న సంఘంలో అక్షరం రాని అవ్వ కూడా ధైర్యంగా సువార్త చెప్పవచ్చు. వీబీఎస్ సామాను ఇప్పుడే బీరువాల్లో సర్దుతున్నారు కాబట్టి, ఆ కూటం వచ్చే వారమే మొదలుపెట్టమని సంఘ పెద్దలందరినీ కోరుతున్నాను.